బురద పక్షము

సంగారెడ్డి నుండి నాందేడునకు పోవు జాతీయ రహదారి పిట్లమును ఒరసికొని పోవుచుండును. ఆ దారిని పోవు లారీల రొద ఎంతగ నున్నను, ఊరి చెరువుకట్ట నెక్కి కొంతదూరము నడచినచో చెవికి వేరొక లోకము వినవచ్చును. ఫాల్గుణమాసమున నొక సాయంకాలము అట్టి నడకకు బయలుదేరిన మువ్వురిలో నేనొకడను; తక్కిన యిద్దరును బావామరదులు. ఒకరు నీటిపారుదల శాఖయందు చిరకాలము పనిచేసి, ఉద్యోగ విరమణానంతరము హైదరాబాదున స్థిరపడి, ప్రతిదినము ప్రాతఃకాలమున హుస్సేన్‌సాగరు తీరమందలి సంజీవయ్య ఉద్యానమున నడచు నలవాటుగల యింజనీరుగారు. రెండవవారు ఈ ప్రాంతపు బడులలోనే పంతులుగా జీవితము గడపి, ఇప్పుడు చెరువు తప్ప వేరు వ్యాపకమెరుగనివారు. ఇంజనీరుగారి అక్కగారిని పెండ్లాడినవారు. వీరిరువురును ఏకాభిప్రాయమునకు వత్తురని నేను వెంట పోలేదు, వచ్చిరనియు చెప్పజాలను. విన్నది విన్నట్లు వ్రాయుచు, నడుమ నాకు తోచినదియు నొకటి రెండుచోట్ల చేర్చుచున్నాను.

ఇంజనీరు: బావగారూ, ఈ కట్టను చూచినప్పుడెల్ల నా కడుపు తరుగుకొని పోవును. ఇంతటి కట్ట, ఇంతటి నీటివిరివి యుండియు, వాలునందంతట సర్కారుతుమ్మ పెరిగినది; అడుగడుగున ప్లాస్టిక్ సంచులు. మిషన్ కాకతీయ దినములలో నియోజకవర్గమునకొక చెరువును మినీ ట్యాంకుబండుగ దిద్దవలెనని ప్రభుత్వము తలపెట్టినది గదా! అట్టి ఉద్యానమొకటి ఇచ్చట వెలసినచో, పెద్దలకు నడచుటకు బాట, ఆడువారు కూర్చుండుటకు బల్లలు, పిల్లలకు ఊయలలు, రాత్రివేళ దీపములు అమరును. అంతకు మించి, చెరువునకు కాపుదల గలుగును. నేను సొగసు కొరకు చెప్పుట లేదు, కాపుదల కొరకు చెప్పుచున్నాను.

పంతులు: ఎవరి బారినుండి కాపుదల, బావా?

ఇంజనీరు: మనుష్యుల బారినుండియే. హైదరాబాదున మాసాబ్‌ట్యాంకని ఒక కూడలి యున్నది. అచ్చట బస్సు దిగువారిలో నూటికి తొంబదిమంది అది ఒకప్పుడు మాసాహెబా పేర వెలసిన నిజమైన చెరువని యెరుగరు. చెరువు పోయినది, పేరు నిలిచినది.

పంతులు: చెరువున్నచోట ఇప్పుడేమున్నది?

ఇంజనీరు: (కొంత తడసి) చాచా నెహ్రూ పార్కున్నది.

పంతులు: ఉద్యానము మిగిలినది, చెరువు మిగులలేదు. నీవు తెచ్చిన సాక్షి నా పక్షమున పలుకుచున్నాడు, చూచుకొనుము.

ఇంజనీరుగారు నవ్విరి గాని వెనుకంజ వేయలేదు. జీవితమంతయు గుత్తేదారులతో వాదించినవారికి మొదటి దెబ్బ లెక్కలోనిది కాదు.

ఇంజనీరు: అయినచో వేరొక సాక్షిని పిలిచెదను. అంబరుపేటలో బతుకమ్మకుంట యున్నది. పూడ్చబడి, ముండ్లపొదలచే కప్పబడి, ఇది కుంటయా వట్టి జాగాయా యని న్యాయస్థానములలో వాదములు నడచిన స్థలమది. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ యేర్పడిన పిమ్మట దానిని త్రవ్వించిరి, నీరు ఊరినది, 2025లో ఆడుబిడ్డలు అచ్చట మరల బతుకమ్మ లాడిరి. ఇప్పుడు దానిచుట్టు బాట వేసిరి, దీపములు పెట్టిరి. ఒక లారీడు మట్టిని చీకటిలో దింపవలెనన్న ఇక నెవనికి ధైర్యము చాలును? నలుగురు నడచుచోట దొంగ నడువడు. ఎవరును నడువని చెరువు ఎవరిదియు గాని చెరువగును; ఎవరిదియు గానిది రేపో మాపో ఒకానొకనిదగును.

పంతులు: ఈ మాటను నేను కాదనను. పట్నమున నేల విలువ గజములలో నున్నప్పుడు నీవు చెప్పినదే న్యాయము కావచ్చును. కాని నీవు కాపాడదలచిన వస్తువేదో ముందు తేల్చవలెను. నీ మనస్సున చెరువనగా నీరు. నా మనస్సున చెరువనగా నీరును, నీరు వెనుకకు తగ్గిన మేరయును. నీవే యింజనీరువు గదా, చెప్పుము: మనవారు చెరువునకు ఎన్ని వైపుల కట్ట పోసిరి?

ఇంజనీరు: ఒక్క వైపుననే. పల్లపు వైపున.

పంతులు: తక్కిన వైపుల పోయుటకు వారికి తట్టలు లేవా, మట్టి లేదా? కట్టమొదట నీరు లోతు; తూమచ్చటనే యుండును; మత్తడి ఒక కొనను. ఆవలివైపున నేల మెల్లమెల్లగ మెట్టకు ఎక్కిపోవును గనుక, నీరచ్చట మోకాలిబంటి, అటుపై చీలమండబంటి, తుదకు తడి మాత్రమే. ఆ శిఖము భూమిని మీ పటములలో ఒక గీత గీచి విడిచిపుచ్చుదురు. కాని చెరువు బ్రతుకంతయు నచ్చటనే యున్నది. వానకాలమున చెరువు నిండి మత్తడి దూకును. కార్తికము వచ్చుసరికి వానలు వెనుదీయును, యాసంగి వరినాట్లకు నీరటి తూము తీయును. తీసిన నాటినుండి ఆవలి యంచున నీరు దినమునకు బారెడో రెండు బారలో వెనుకకు జరుగును. జరిగిన మేర క్రొత్త బురద బయటపడును. అందు నత్తలు, ఎర్రలు, కంటికానని పురుగుల పిల్లలు. సరిగా ఆ దినములకే హిమాలయముల కావలినుండి ఉల్లంకిపిట్టలు వచ్చి దిగును. పొడవుకాళ్ళ కొంగ మోకాలిబంటి నీటిలో నిలుచును, దానికంటె చిన్నది చీలమండబంటి నీటిలో, ఉల్లంకి తడిబురదలో, జిట్టంగి అప్పుడప్పుడే ఆరుచున్న యంచున తోక యాడించుచు. కాలి పొడవును బట్టి పంక్తి తీరినట్లుండును. నేటి మేర రేపటికి ఎండిపోవును, దాని ప్రక్కనే మరియొకటి పరచబడును. రైతు తన వరికని తూము తీసినాడు, వానికి ఆ పిట్ట పేరైన తెలియదు. అయినను ఆ పిట్టకు నాలుగు మాసముల గ్రాసము వానిచేతి మీదుగనే నడచుచున్నది. ఇప్పుడు చెప్పుము, నీ ఉద్యానమున ఏమి చేయుదువు?

ఇంజనీరు: ఏమి చేయుదునో మీకు తెలిసియే యడుగుచున్నారు.

పంతులు: చుట్టును కట్ట పోయుదువు. దానికి మీరు రింగుబండని పేరు పెట్టితిరి. లోపలివైపున రాతికట్టడము చేయుదువు. చెరువు గంగాళమగును. అంచుననే నిలువులోతు నీరు. నిలుచుటకు చోటు లేక కొంగ పోవును, ముక్కు గ్రుచ్చుటకు బురద లేక ఉల్లంకి పోవును. ఈదునట్టి బాతులు, మునుగునట్టి నీటికాకులు మాత్రము మిగులును. అవి కనబడినందున పక్షులున్నవిగదా యని మీరు బోర్డు వ్రాయింతురు. పైపెచ్చు నీటిని తగ్గనీయరు.

ఇంజనీరు: తగ్గనిత్తుమా? బురద కనబడిన దినముననే ఫిర్యాదులు మొదలగును. కొలువులో నున్నప్పుడు నేనెరుగుదును: నిండిన చెరువును చూచి ఒక్కరును ఉత్తరము వ్రాయరు, సగమెండిన చెరువును చూచి ఊరంతయు వ్రాయును. దుర్గంధమందురు, దోమలందురు, అధికారులు నిద్రించుచున్నారందురు. ప్రజలు సొమ్మిచ్చి నిర్మించుకొన్న ఉద్యానమున ప్రజలకు నచ్చునది చూపవలదా? బురదను ఎవరు ప్రేమింతురు, బావగారూ?

ఇచ్చట నా మాట యొకటి. మన కవులు బురదను ప్రేమించిరో లేదో గాని, బురదపై బ్రతుకు పక్షిని మాత్రము విడువలేదు. రాత్రియెల్ల ప్రియురాలికి దూరమై విలపించునని వారు వర్ణించిన చక్రవాకము కేవలము కవిసమయము కాదు. లడఖు, టిబెట్టు మొదలగు చలిసీమలనుండి శీతకాలమున మన నదుల యిసుక తిన్నెలకును, చెరువుల యంచులకును వచ్చు నారింజవన్నె బాతు. మంజీరా తీరములయందు దానిని నేటికిని చూడవచ్చును. తీరమును రాతితో గట్టివైచినచో కవిసమయము మిగులును, పక్షి మిగులదు. ఇది నేను పైకి అనలేదు. అనినచో ఇరువురును నాపై తిరిగియుందురు.

పంతులు: బురద వేరు, మురుగు వేరు. ఈ రెంటిని ఒకటిగ జూచుటయే పట్నమువారి తప్పిదము. మీ హుస్సేన్‌సాగరునే చూడుము. 1562లో, ఇబ్రహీం కుతుబ్‌షా యేలుబడిలో, హుస్సేన్ షా వలీ కట్టించిన చెరువు. ఒకప్పుడు ఊరికి త్రాగునీరిచ్చినది. నేడు దాని చుట్టును ఎన్ని ఉద్యానములు! లుంబిని యొకవైపు, సంజీవయ్య ఉద్యానమొకవైపు, నెక్లెసురోడ్డొకవైపు, నట్టనడుమ బుద్ధభగవానుడు. ఇంతమంది నడచుచున్నను కూకట్‌పల్లి నాలా తెచ్చు విషమును ఎవరు ఆపిరి? నడచువారు ముక్కులు మూసికొని నడచిరి, అంతియ కదా!

ఇంజనీరు: నడచువారున్నందుననే ముక్కులు మూయవలసి వచ్చినదని తెలిసినది! ఎవరును నడువనిచోట ఎవరి ముక్కు సాక్ష్యమిచ్చును? ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహముల నిమజ్జనముపై 2021లో వ్యవహారము హైకోర్టునకు, అచ్చటినుండి సుప్రీంకోర్టునకు పోయినదనగా, ఆ నీటిని తమదని తలచినవారు కొందరు ఊరిలో నుండుటచేతనే గదా! మురుగును గూర్చి నేను మీతో వాదింపను. మురుగు చేరిన నీటిలో నాచు ప్రబలును. పగలది ప్రాణవాయువును విడిచినను రాత్రియెల్ల తానే పీల్చుకొనును. మబ్బుపట్టిన దినముల మరునాటి తెల్లవారుజామున చేపలు వెల్లకిల తేలును. చచ్చిన చేపలను జూచి విషము కలిపినవాడెవడని వెదకుదురు. వెదకవలసినది ఇంటింటి కాలువను. గుర్రపుడెక్కయు నంతే. దక్షిణ అమెరికానుండి వచ్చిన మొక్క. మురుగే దానికి ఎరువు. యంత్రములతో ఎంత తీసినను, మురుగు ఆగనంతవరకు అది పోదు. ఇదంతయు ఒప్పుకొందును. కాని మీ బురద సిద్ధాంతమునందు ఒక లొసగున్నది. చెప్పెదను, కోపింపరాదు.

పంతులు: నాకు కోపమెందుకు? మీ అక్కతో నలువదేండ్లు కాపురము చేసినవాడను.

ఇంజనీరు: ఈ శిఖమున మేయు బర్రెలను చూపి, ఇవియు చెరువులోనివే యని ఉదయము మీరంటిరి. ఎట్లో చెప్పుడు.

పంతులు: చెప్పెదను. రాజస్థానమున భరత్‌పురము నొద్ద కేవలాదేవు పక్షుల నెలవున్నది. 1982లో అచ్చట పశువుల మేతను నిషేధించిరి. ఊరివారు ఎదిరించిరి, తుపాకులు పేలినవి, ప్రాణములు పోయినవి. నిషేధమును కోరిన పెద్దలలో సలీం అలీ వంటి మహనీయుడును ఉండెను. తరువాత ఏమైనది? బర్రెలు పోగా గడ్డి పెరిగి నీటిని కప్పివైచినది. పక్షులకు ఈదుటకు, దిగుటకు చోటు తగ్గినది. ఆ మహనీయుడు పెంచి పెద్దచేసిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారే ఏండ్ల తరబడి పరిశీలించి, బర్రె యచ్చట శత్రువు గాదు, పనివాడని తేల్చిరి. సలీం అలీ మనకు పరాయివాడు కాడు. మన నిజాంసాగరు పూర్తియైన 1931వ సంవత్సరముననే ఆయన నిజాము రాజ్యపు పక్షుల సర్వేకు పూనుకొని మరుసటి యేటివరకు తిరిగెను. ఒక చేతితో నవాబ్ అలీ నవాజ్ జంగు మంజీరకు ఆనకట్ట గట్టుచుండగా, మరియొక చేతితో సలీం అలీ పక్షుల లెక్క వ్రాయుచుండెను. రాజ్యమొకటే, కాలమొకటే. అంతటివాడు కూడ బర్రె విషయమున పొరబడెను. కనుక ఉద్యానమునకు గోడ పెట్టుటకు ముందు, ఎవరిని వెలుపల నుంచుచున్నామో ఆలోచింపవలెనందును: బర్రెలను, రేవున బట్టలుతుకువారిని, వలవేయు గంగపుత్రులను, ముదిరాజులను. వీరందరు పోయి, టికెట్టు కొన్నవాడు మాత్రము మిగులును.

ఇంజనీరుగారు దీనికొరకే కాచుకొనియున్నట్లు నిలిచిపోయిరి. చేతికర్రతో కట్టమీది మన్నును రెండుమారులు పొడిచిరి.

ఇంజనీరు: అనగా మనిషి చేయి లేనిదే చెరువు బ్రతుకదని మీరే యనుచున్నారు. నీరటి తూము తీయవలెను, బర్రె గడ్డి మేయవలెను, రైతు పూడికమట్టిని బండికెత్తుకొని పొలమున చల్లుకొనవలెను. సరియే. ఇప్పుడు వారెచ్చట? 2018 జనవరి మొదటి తేదీనుండి సేద్యమునకు ఇరువదినాలుగు గంటల ఉచిత విద్యుత్తు వచ్చినది. ఎవని చెలకలో వాని బోరు. చెరువు క్రింది మడికూడ బోరునీటితోనే పారుచున్నచోట తూము తుప్పుపట్టక యేమి చేయును? నీరటి యను పేరు మీ బడిపిల్లలకు తెలియునా? పూడికతీతకు జనము గంపలతో వచ్చు కాలము పోయి ప్రొక్లెయిను వచ్చినది. మీరు చెప్పిన పనివారు ఒక్కొక్కరుగ వెళ్ళిపోయిరి, బావగారూ, ఎవరును గోడ పెట్టి వారిని తరుమలేదు. చెరువునకు ఇక మిగిలిన మనిషి ఎవడు? సాయంకాలము చల్లగాలికి వచ్చువాడొకడే. వానినిగూడ రావలదన్నచో చెరువును ప్లాట్లు చేయువానికి అప్పగించినట్లే. వాడు పనివాడు కాడు, చూడవచ్చినవాడు, నాకు తెలియును. కాని ఉన్నవాడు వాడే.

పంతులుగారు చాలసేపు మాటాడలేదు. నాకు తోచినంతవరకు ఆ దినమున పలుకబడిన మాటలలో దీనికి బదులు లేదు, ఆయనయు చెప్పలేదు. తూమువైపు చూచిరి. తూము కంబము మీద లకుముకిపిట్ట యొకటి కూర్చుండియుండెను.

పంతులు: చూడవచ్చినవానికి ఏమి చూపవలెనో అదైనను మనచేతిలో నున్నది గదా. గుంటూరు దగ్గర ఉప్పలపాడు కుంటను చూచితివా? ఊరి నడుమ చిన్న కుంట. నీటిలోని చెట్లపై గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు పెట్టును. చెట్లు చాలకున్న ఇనుపకొమ్మలు నాటిరి, వానిపైనను పెట్టినవి. ఊరివారు రాయి విసరరు. చూచువారు గట్టున నిలిచి చూచి పోవుదురు. కుంటలో పడవ లేదు, రంగుదీపము లేదు.

ఇంజనీరు: అమీన్‌పురము చెరువును గూడ చెప్పుడు. నగరపు వాకిటనున్న ఆ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగ ప్రకటించిరి. పట్నపు నీటివనరులలో ఆ గౌరవము దేశమున మొట్టమొదట పొందినదదియే. రాజహంసలని జనులు పిలుచు ఆ గులాబిరంగు పక్షులు అచ్చట దిగిన దినమున బైనాక్యులర్లతో ఊరంతయు కదలినది.

పంతులు: సంతోషము. కాని ప్రకటన కాగితము ఎగువ కాలనీలనుండి వచ్చు కాలువను ఆపగలదా యని సందేహము. సరే, దానిని విడువుము. నీ ఉద్యానమున దీపములు కట్టకు మాత్రమే పెట్టుము, నీటివైపు వలదు. రాత్రియని యెరుగని చోట పక్షి నిదురింపదు. మరపడవలు వలదు, తామరాకులపై, తుంగలో గూడు గట్టు పక్షులకు ఒక్క అల చాలును. జమ్మును మొదలంట పెరికి పచ్చికబయలు పరువవలదు. బాతులకు బ్రెడ్డు వేయు పుణ్యాత్ములకు ఎదురుగ ఒక బల్ల పెట్టించుము: తినని ముక్క నీటిలో కుళ్ళునని, తిన్న ముక్క వాని కడుపున పోషణ గాదని.

ఇంజనీరు: ఆ బల్లను ఎవరును చదువరు.

పంతులు: నేను ముప్పదియేండ్లు నల్లబల్లపై వ్రాసినది ఎవరు చదివిరి? అయినను వ్రాసితిని.

ఇంజనీరు: రింగుబండు వలదందురు, అంతేగదా? సరే. కట్టమీదనే బాట. ఆవలి శిఖము విడిచెదము. కాని హద్దు రాళ్ళు పాతవలెను. లేనిచో ఐదేండ్లలో అచ్చట ఇండ్లు లేచును. ఎంతదూరము విడువవలెనో చూపుడు, ఇప్పుడే అడుగులు లెక్కించెదను.

చేతికర్రను నాకిచ్చి, పంచె ఎగగట్టి, ఆ పెద్దమనిషి కట్టదిగి, కొనను చుట్టివచ్చి శిఖములోనికి నడిచిరి; వెనుక పంతులుగారు, వారి వెనుక నేను. ఎండి నెరలు విచ్చిన ఒండ్రుపై ఒకటి, రెండు అని పైకి లెక్కించుచు అరువదివరకు పోయిరి. అంతలో మా తలలమీదుగ తీతువొకటి గిరికీలు కొట్టుచు అరవసాగెను. తీతువు కూత అపశకునమని మా యిండ్లలో చెప్పుదురు. ఇంజనీరుగారు కూడ ఒక్క క్షణము తడబడిరి.

"శకునము కాదు, బావా. గ్రుడ్లున్నవి. అడుగు వేయకుము," అని పంతులుగారు చేయి పట్టుకొనిరి.

మువ్వురము నిలిచినచోటనే వంగి వెదకితిమి. తీతువు గూడు గట్టదు. గులకరాళ్ళ నడుమ గులకరాళ్ళవంటి నాలుగు గ్రుడ్లు పెట్టి, తన యరపులనే కంచెగ నుంచుకొనును. ఎంత వెదకినను మాకవి కనబడలేదు. కనబడనందున ఎచ్చట అడుగు వేయవలెనో తెలియలేదు. చివరకు ఒండ్రుపై మేము వచ్చిన యడుగుల గుర్తులలోనే పాదములు మోపుచు, ఒకరివెనుక నొకరము, వెనుకకు నడచితిమి.

"ఎంతవరకు లెక్కించితిని?" అని ఇంజనీరుగారడిగిరి.

పంతులుగారికిని జ్ఞప్తి లేదు, నాకును లేదు. మరల మొదటినుండి లెక్కించుటకు చీకటి పడినది.